నడుము కొలత ఎక్కడ తీయాలి? బొడ్డు దగ్గరా, బెల్టు దగ్గరా?

కాకినాడ_సైకిల్:
నా ఎత్తు 170 సెం.మీ., బరువు 68 కిలోలు, మెడ 37 సెం.మీ. టేపు కొలతలతో ఒంట్లో కొవ్వు శాతం లెక్క వేస్తుంటే నడుము దగ్గర చిక్కొచ్చిపడింది. బెల్టు పెట్టుకునే చోట 86, బొడ్డు మీదుగా 92. మొదటిదానితో 19.3 శాతం, రెండోదానితో 23.6 వస్తోంది. జిమ్‌లో చెప్పులు విప్పి ఎక్కే యంత్రమేమో 27 అంటోంది. దేన్ని నమ్మాలి?

వేసవిమబ్బు:
19 రాసుకోండి, ప్రాణానికి హాయి.

డ్రిల్లు_మాస్టారు:
92 వేయండి బాబూ. ఆ సూత్రం 1984లో హాడ్జ్‌డన్, బెకెట్ అమెరికా నౌకాదళం కోసం కట్టింది. మగవాళ్లకు బొడ్డు దగ్గరే కొలవాలి. ప్యాంటు జారకుండా ఎక్కడ నిలుస్తుందో దర్జీకి కావాలి గానీ, బెల్టు మీదకు వాలిన పొట్టతో ఆయనకేం పని? ఈ సూత్రానికి పని ఆ పొట్టతోనే. నడుములోంచి మెడ తీసేయగా మిగిలిన 55నే అది ఎత్తుతో కలిపి చూస్తుంది.

ఊపిరి మామూలుగా వదిలాక చూడండి. పొట్ట లోపలికి లాక్కుంటే టేపును మోసం చేయొచ్చు, అంతే. మెడకు గొంతుముడి కింద పెట్టండి.

ఇక యంత్రం. అది పాదాల గుండా సన్నని కరెంటు పంపి అంచనా కడుతుంది. నీళ్లు తాగినా, చెమట పట్టినా అంకె మారుతుంది. టేపు లెక్కకూ మూడు నాలుగు శాతం అటూ ఇటూ ఉంటుంది కాబట్టి 23.6కూ 27కూ పెద్ద తగాదా ఏమీ లేదు.

వేసవిమబ్బు:
మాస్టారూ, ఆడవాళ్లకూ ఇదే లెక్కా?

డ్రిల్లు_మాస్టారు:
కాదమ్మా. నడుము బాగా సన్నగా ఉన్నచోట, పిరుదులు బాగా వెడల్పున్నచోట కొలిచి, రెండూ కూడి మెడ తీసేయాలి. సూత్రంలో అంకెలూ వేరే.

మందులచీటి:
శాతం సంగతి అటుంచండి. మన మగవాళ్లకు నడుము 90 సెం.మీ. దాటితేనే జాగ్రత్త పడమంటారు, మీది 92. ఎత్తుకూ బరువుకూ పొంతన చూసే బీఎంఐ 23.5 అని ధీమా వద్దు. పుణే డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ కొలతలే అచ్చువేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2! చక్కెర పరీక్ష చేయించుకుని చాలాకాలమైతే ఈ వారమే చేయించండి.

కాకినాడ_సైకిల్:
92తోనే రాసుకుంటున్నాను. పరగడుపున చేయించాలా?

మందులచీటి:
పరగడుపున ఒకసారి, దాంతోపాటు హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు చక్కెర చెప్పే రక్తపరీక్ష. రెండోదానికి ఉపవాసం అక్కర్లేదు.