చర్చ: డిగ్రీ కాలేజీ డిజిటల్ మీడియా ల్యాబులో ఉచిత సాఫ్ట్‌వేర్ నేర్పితే పిల్లలకి అన్యాయం చేసినట్టేనా?

గోదావరి_ల్యాబ్ (శనివారం, రాత్రి 8:12)
గోదావరి జిల్లాల్లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పదకొండేళ్ళుగా డిజిటల్ మీడియా చెబుతున్నాను. విభాగాన్ని నడిపేదీ నేనే. పాఠాలు, ల్యాబు, కెమెరాల లెక్క, ఇంటర్న్‌షిప్ ఉత్తరాలు, కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ ఫైళ్ళు అన్నిటికీ ఉన్నది ఇద్దరం. రెండో ఆయన గంటల లెక్కన వచ్చే గెస్ట్ ఫ్యాకల్టీ.

ఇన్నాళ్ళూ ల్యాబులో క్రాక్ చేసిన, అంటే డబ్బు కట్టని దొంగ కాపీల ప్రీమియర్ (వీడియో ఎడిటింగ్‌కి), ఫొటోషాప్ వాడాం. ఆ సంగతి దాచను. నిరుడు ఆ క్రాక్‌తో పాటే వైరస్ వచ్చి ఫైనల్ ఇయర్ వాళ్ళ ప్రాజెక్టులు మొత్తం పోయాయి. ఒక అమ్మాయి చేపల చెరువుల మీద నాలుగు నెలలు తిరిగి తీసిన డాక్యుమెంటరీ కూడా అందులో ఉంది. లైసెన్సు కొనమంటే, ఆ రెండూ తయారుచేసే అడోబీ 2013లోనే చందా పద్ధతికి మారిపోయింది, ఒకసారి కొని ఊరుకోవడానికి లేదు. 24 కంప్యూటర్లకి ఏటేటా చందా అనేసరికి యాజమాన్యం ఆ కాగితం పూర్తిగా చదవలేదు. అందుకే ఈ ఏడు వీడియో ఎడిటింగ్‌కి డావించీ రిజాల్వ్ ఉచిత వెర్షన్, త్రీడీకి బ్లెండర్, డిజైన్‌కి ఇంక్‌స్కేప్, ఆడియోకి ఆడాసిటీ పెట్టించాను. ఇప్పుడు సెకండియర్ పిల్లలు "ప్రీమియర్ రాకపోతే హైదరాబాద్‌లో ఎవరూ తీసుకోరట సార్" అని నిలదీస్తున్నారు. రంగంలో ఉన్నవాళ్ళు చెప్పండి, నేను చేసింది తప్పా?

కృష్ణానగర్_కట్ (8:31)
తప్పే సార్. పదిహేడేళ్ళుగా ఎడిటింగ్ టేబుల్ మీదే బతుకుతున్నాను. సినిమాలకి ఎక్కువగా ఆవిడ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడతాం. యూట్యూబ్ ఛానళ్ళకి, యాడ్లకి ప్రీమియర్. కొత్త కుర్రాడు వస్తే మొదటి రోజే టైమ్‌లైన్ ముందు కూర్చోబెడతాం. వాడు కట్ ఎక్కడ కొట్టాలో వెతుక్కుంటుంటే పక్కన క్లయింట్ ఉంటాడు. రెండో రోజు వాడిని పిలవరు. మీరు ల్యాబు ఖర్చు తగ్గించుకున్నారు, ఆ ఖర్చు పిల్లల మీద పడింది.

చదువరి (8:40)
ఏఐ వచ్చాక ఎడిటర్లే ఉండరు. ఏది నేర్పితే ఏముంది.

గోదావరి_ల్యాబ్ (8:58)
కట్ గారూ, రిజాల్వ్‌లో కీబోర్డు సెట్టింగుల్లోకి వెళ్ళి ప్రీమియర్ షార్ట్‌కట్లు ఎంచుకోవచ్చు, ఆవిడ్ వీ ఎంచుకోవచ్చు. మా పిల్లలు మొదటి వారం నుంచి ప్రీమియర్ షార్ట్‌కట్లతోనే పనిచేస్తున్నారు. ఉచిత వెర్షన్‌లో అల్ట్రా హెచ్‌డీ దాకా అవుట్‌పుట్ వస్తుంది, వాటర్‌మార్క్ లేకుండా. పైగా మీ సినిమాల డీఐ (డిజిటల్ ఇంటర్మీడియట్) గదుల్లో రంగులు దిద్దేది రిజాల్వ్‌తోనే కదా. పనికిరాని వస్తువు ఎలా అవుతుంది?

కృష్ణానగర్_కట్ (9:05)
డీఐ వేరు, ఎడిటింగ్ వేరు. కలరిస్టు సీట్లో మీ ఫస్టియర్ కుర్రాడిని ఎవరు కూర్చోబెడతారు?

పాత_సీపీయూ (9:11)
అసలు ల్యాబులో ర్యామ్ ఎంత? 8 జీబీ అయితే రిజాల్వ్ లేవదు. గ్రాఫిక్స్ కార్డు ఉందా?

గోదావరి_ల్యాబ్ (9:20)
పది కంప్యూటర్లలో 16 జీబీ ఉంది, మిగతావి 8. కార్డులు ఆరింటికే ఉన్నాయి. ఫుటేజీకి ముందు ప్రాక్సీలు, అంటే తక్కువ సైజు నకళ్ళు చేయించి ఆ చిన్న ఫైళ్ళ మీద కట్ చేయిస్తాను. బ్యాచిని రెండుగా విడగొట్టాను, అందువల్ల శనివారం సాయంత్రం కూడా ల్యాబు నడుస్తుంది.

పాత_సీపీయూ (9:23)
8 జీబీ మీద ప్రాక్సీలున్నా హ్యాంగ్ అవుతుంది.

2019_బ్యాచ్ (9:37)
నేను వేరే జిల్లా కాలేజీలో ఇదే కోర్సు చేశాను. మా సిలబస్‌లో వెబ్ యానిమేషన్లు చేసే ఫ్లాష్ ఉండేది. దాని మీద రెండు ఇంటర్నల్స్, ఒక ప్రాక్టికల్ పరీక్ష రాశాను. 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్ ప్లేయర్‌కి సపోర్టు ఆపేసింది. నేను కష్టపడి నేర్చుకున్నది ఎవరూ అడగలేదు. ఇప్పటికీ నాకు అన్నం పెడుతున్నది మా మేడం నేర్పిన ఇంకో పని. షూట్‌కి వెళ్ళేముందు షాట్ లిస్టు రాయించేవారు. తీసుకొచ్చాక "ఇందులో నువ్వు రాసింది ఏది, దొరికింది ఏది" అని అడిగేవారు. మైకు పెట్టకుండా ఇంటర్వ్యూ తీస్తే మళ్ళీ ఊరికి పంపేవారు. అన్నా, ప్రీమియర్ బటన్లు నాకు పదిహేను రోజుల్లో వచ్చేశాయి.

కృష్ణానగర్_కట్ (9:44)
తమ్ముడూ, నీకు పదిహేను రోజులు ఇచ్చినవాడు దొరికాడు. అందరికీ దొరకడు.

అక్షర_ప్రియ (9:50)
మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోకండి. ప్రీమియర్‌లో తెలుగు టైటిల్ వేస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి. ఏం చేయాలి?

గోదావరి_ల్యాబ్ (9:56)
ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద టెక్స్ట్ ఇంజిన్ అని ఉంటుంది. దాన్ని దక్షిణాసియా భాషలకి మార్చి ప్రాజెక్టు మళ్ళీ తెరవండి. ఫాంట్ యూనికోడ్‌ది అయి ఉండాలి. మా ఊళ్ళో ఫ్లెక్సీ షాపులు ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్ల మీదే నడుస్తున్నాయి కాబట్టి నేను రెండూ నేర్పుతాను. కట్ గారూ, మీరు చెప్పిన హైదరాబాద్ స్టూడియోల్లో ఎన్ని తెలుగు థంబ్‌నెయిళ్ళు ఒత్తులు విరిగి బయటికి వస్తున్నాయో చూడండి. మా పిల్లలు ఆ తప్పు చేయరు. దీనికి మార్కులెందుకు వేయరు మీరు?

తణుకు_అమ్మ (10:08)
మాస్టారూ, నాకు ఈ సాఫ్ట్‌వేర్ల సంగతి తెలియదండి. మా అబ్బాయిని 2021లో మీలాంటి కోర్సులోనే చేర్పించాం, మీ కాలేజీ కాదు. మూడేళ్ళూ వాడు తీసింది కాలేజీ ఫంక్షన్లే. ఫ్రెషర్స్ డే, యాన్యువల్ డే, ఛైర్మన్ గారి పుట్టినరోజు. రాత్రి పన్నెండింటికి ఇంటికొచ్చేవాడు. అవే ప్రాక్టికల్స్ అనేవారు. ఇప్పుడు పెళ్ళిళ్ళ స్టూడియోలో సీజనుకి పనికి వెళ్తున్నాడు. మూఢం వస్తే ఇంట్లో కూర్చుంటాడు. దీనికి డిగ్రీ ఎందుకండి?

స్టూడియో_భీమవరం (10:15)
పెళ్ళి స్టూడియో అంటే అంత చులకనా అమ్మా? ఆ పని మీదే ఇద్దరు ఆడపిల్లల్ని చదివించాను.

తణుకు_అమ్మ (10:19)
పనిని తక్కువ చేయట్లేదు బాబూ. ఆ పనికి మూడేళ్ళ ఫీజు కట్టించుకున్నారే, అది అంటున్నాను.

గోదావరి_ల్యాబ్ (10:27)
అమ్మా, ఫంక్షన్ షూట్ కూడా పాఠమే. వెలుతురు మన చేతిలో ఉండదు, రెండోసారి తీసే అవకాశం రాదు. నేనూ తీయిస్తాను, కానీ సెమిస్టర్‌కి రెండు మించనివ్వను. మూడోదానికి రమ్మంటే ప్రిన్సిపాల్ గారితో గొడవపడ్డ రోజులున్నాయి.

కృష్ణానగర్_కట్ (10:34)
ఆవిడ చెప్పిందే నేనూ చెబుతున్నాను. పనిచేసినవాళ్ళు నేర్పకపోతే ఇలాగే ఉంటుంది. పీజీ, నెట్ పరీక్ష పాసై ఉంటే చాలు, ఒక్క సినిమా కట్ చేయకపోయినా ఎడిటింగ్ లెక్చరర్ అయిపోతారు. పుస్తకం చూసి చెప్పే చదువు ఇది.

గోదావరి_ల్యాబ్ (10:41)
పుస్తకం చూసి చెబుతున్నానని మీకెవరు చెప్పారు? సెలవుల్లో లోకల్ ఛానల్లో పనిచేసి, ఆ డబ్బుతో ల్యాబుకి రెండు లావలియర్ (చొక్కాకి తగిలించే) మైకులు కొన్నాను. మీ గదుల సంగతి చెప్పమంటారా? ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. చివరి ఆరు నెలలకి పిల్లల్ని మీ ఊరికే పంపుతున్నాను. ఒక చోట ఆరు నెలలూ హార్డ్‌డిస్కులు కాపీ చేయించి, టీలు తెప్పించి, రూపాయి ఇవ్వకుండా సర్టిఫికెట్ మీద సంతకం పెట్టారు. హాస్టల్ ఖర్చు ఇంటివాళ్ళదే. నేర్పాల్సినవాళ్ళు నేర్పలేదంటే నేర్పనిది ఎవరు?

కృష్ణానగర్_కట్ (10:52)
నేను అలా చేయలేదు. నా గురించి అనొద్దు. మొన్న ఒక కాలేజీ వాళ్ళు గెస్ట్ లెక్చర్‌కి పిలిచారు. మూడు రాత్రులు కూర్చుని క్లాసుకి రష్ (ఎడిట్ చేయని ఫుటేజీ) కట్టుకున్నాను, ఒకే సీను నాలుగు రకాలుగా. ముందు రోజు ఫోన్ చేసి "మీ క్వాలిఫికేషన్ ఏంటండీ" అన్నారు. పదో తరగతి అన్నాను. మళ్ళీ ఫోన్ రాలేదు. ఆ నాలుగు కట్లూ ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.

2019_బ్యాచ్ (10:58)
అన్నా, 2022లో యూజీసీ ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అని మార్గదర్శకాలు ఇచ్చింది. వృత్తిలో 15 ఏళ్ళ అనుభవం ఉంటే డిగ్రీ అడగక్కర్లేదు. మంజూరైన పోస్టుల్లో పది శాతం దాకా అలా తీసుకోవచ్చు.

గోదావరి_ల్యాబ్ (11:03)
రూలు ఉంది. పిలవాల్సింది యాజమాన్యం. గెస్ట్ ఫ్యాకల్టీ జీతం పెంచమంటేనే మూడేళ్ళు పట్టింది. కట్ గారూ, మీకు జరిగింది అవమానమే. ఆ నాలుగు కట్లూ మా పిల్లలకి చూపించాలని ఉంది.

పాత_సీపీయూ (11:05)
16 జీబీ కంప్యూటర్లలో కార్డు ఏ మోడలో ఎవరూ చెప్పలేదు.

తణుకు_అమ్మ (11:16)
మీ ఇద్దరి తగవులో నా మాట కొట్టుకుపోయింది మాస్టారూ. నేను అడగాలనుకున్నది ఒక్కటే. మే నెలలో ఎండలో ఇద్దరు సార్లు మా ఇంటికొచ్చారు. మా ఆయన అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. బీకామ్‌లో వేద్దామనుకుంటున్నాం అంటే, "దీంట్లో వేయండి, హైదరాబాద్‌లో ఉద్యోగం మా పూచీ" అన్నారు. పాఠం చెప్పే సారే కదా అని నమ్మాం. మీరు కూడా మేలో ఇళ్ళకి వెళ్తారా? వెళ్తే ఏం చెబుతారు?

చదువరి (11:20)
మంచి ప్రశ్న.

గోదావరి_ల్యాబ్ (ఆదివారం, ఉదయం 6:45)
రాత్రంతా దీని గురించే ఆలోచించానమ్మా. వెళ్తాను. ఒక్కొక్కరికి పదిహేను అడ్మిషన్ల టార్గెట్ ఉంటుంది. తగ్గితే మే, జూన్ జీతాలు ఆగుతాయి. ఒక ఏడు నాకూ ఆగింది. మొదట్లో నేను కూడా "ఉద్యోగం గ్యారంటీ" అన్నాను. ఒకసారి రెండుసార్లు అనలేదు, చాలా ఇళ్ళలో అన్నాను. తర్వాత "మంచి అవకాశాలున్నాయి" అనడం మొదలుపెట్టాను. విన్నవాళ్ళకి రెండూ ఒకటే అని నాకు తెలుసు. పిల్లలు ప్రీమియర్ గురించి నిలదీసినప్పుడు నాకు అంత టెన్షన్ ఎందుకొచ్చిందో ఇప్పుడు అర్థమవుతోంది. వాళ్ళు సాఫ్ట్‌వేర్ పేరుతో నేను వాళ్ళ ఇంట్లో ఇచ్చిన మాట గుర్తుచేస్తున్నారు.

కృష్ణానగర్_కట్ (7:30)
సార్, జీతం ఆపుతారని మాట ఇచ్చేస్తామా?

గోదావరి_ల్యాబ్ (7:41)
ఇచ్చాను. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారని ఇచ్చాను. సమర్థించుకోను. కానీ మేము వెళ్ళకపోతే సీట్లు నిండవు, నిండకపోతే కోర్సు ఎత్తేస్తారు. చేపల చెరువుల డాక్యుమెంటరీ తీసిన అమ్మాయికి కెమెరా ముట్టుకోవడానికి ఆ జిల్లాలో ఇంకో చోటు లేదు. హైదరాబాద్ హాస్టల్‌కి వాళ్ళ నాన్న పంపడు. అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చాలు అనేవాళ్ళకి ఆ అమ్మాయి కనపడదు.

తణుకు_అమ్మ (8:02)
కోర్సు ఎత్తేయమని నేను అనలేదండి. ఉన్నదున్నట్టు చెప్పమంటున్నాను. పోయినేడు మీ దగ్గర పాసైన పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారు?

గోదావరి_ల్యాబ్ (10:50)
రిజిస్టరు చూసి, పిల్లల వాట్సాప్ గ్రూపులో అడిగి రాస్తున్నాను. మొత్తం 21 మంది. ఎడిటింగ్, మోషన్ గ్రాఫిక్స్ ఉద్యోగాల్లో ఐదుగురు, అందులో ముగ్గురు హైదరాబాద్‌లో. సొంతంగా స్టూడియో పెట్టుకున్నవాళ్ళు, పెళ్ళి షూట్లకి వెళ్ళేవాళ్ళు నలుగురు. ఇద్దరు పీజీలో చేరారు. ఒకరు ఫ్లెక్సీ షాపులో డిజైనర్. ఐదుగురు ఈ రంగం వదిలేశారు, వాళ్ళలో ఇద్దరమ్మాయిలకి పెళ్ళయింది. మిగిలిన నలుగురు ఎక్కడున్నారో తెలియలేదు. ఈ మేలో నా చేతిలో ఈ కాగితమే ఉంటుంది. మా ప్రిన్సిపాల్ గారికి ఇంకా చెప్పలేదు.

కృష్ణానగర్_కట్ (11:04)
ఈ ఏటి ఫైనల్ ఇయర్ వాళ్ళవి మూడు షోరీళ్ళు, అంటే వాళ్ళ పని చూపించే వీడియోలు పంపండి సార్. ఏ సాఫ్ట్‌వేర్‌లో చేశారో రాయొద్దు. చూసి చెబుతాను.

తణుకు_అమ్మ (11:09)
ఆ నలుగురికీ ఫోన్ చేయండి మాస్టారూ. నంబర్లు మారి ఉంటే అప్పుడు వెళ్ళిన ఇళ్ళు మీకు గుర్తుంటాయి కదా.