మామునూరు నుంచి విమానాలు మొదలైతే నిలబడతాయా? కడప, కర్నూలు వాళ్లు చెప్పండి

ఓరుగల్లు_బట్టలకొట్టు

అందరికీ నమస్తే. మాది హనుమకొండ. మా వరంగల్ పక్కనున్న మామునూరు ఎయిర్‌పోర్ట్‌కి 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఒప్పుకున్నప్పటి నుంచి బజార్లో ఇదే ముచ్చట. నిజాం కాలంలో 1930లో కట్టింది, 1981లో మూతపడింది. శంషాబాద్ ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు ఇంకో ఎయిర్‌పోర్ట్ రాకూడదన్న షరతు వల్ల ఇన్నేళ్లు ఆగింది, శంషాబాద్‌ని నడిపే జీఎంఆర్ వాళ్లు అభ్యంతరం లేదన్నాక కదిలింది. ఇదంతా అందరికీ తెలిసిందే.

మా అమ్మాయి బెంగళూరులో ఉంటుంది. పొద్దున ఆరు గంటల ఫ్లైట్ అందుకోవాలంటే మేం అర్ధరాత్రి దాటగానే కారు ఎక్కాలి. గాల్లో ఉండేది గంటంపావు, రోడ్డు మీద మూడున్నర గంటలు. మా అమ్మకి 78 ఏళ్లు, మనవరాలి దగ్గరికి వెళ్లాలని ఉన్నా ఈ ప్రయాణానికి భయపడి వెళ్లట్లేదు.

ఇప్పుడు మా వ్యాపారుల సంఘం తరఫున ఒక వినతిపత్రం రాయమని నాకు అప్పగించారు. అందరూ "త్వరగా మొదలుపెట్టండి" అని రాయమంటున్నారు. నాకేమో మొదలవడం కన్నా మూడేళ్ల తర్వాత కూడా ఉంటుందా లేదా అన్నదే టెన్షన్. మీ ఊళ్లలో ఏం జరిగింది? ఏం అడగాలి?

కడప_రాజంపేట_రోడ్డు

అన్నా, సరైన ప్రశ్న అడిగారు. మాకు రిబ్బన్ కటింగ్‌లు చాలా అయ్యాయి. 2015 జూన్‌లో కొత్త టెర్మినల్ మొదలైంది, ఎయిర్ పెగాసస్ బెంగళూరుకి నడిపింది, 2016లో ఆ సంస్థే ఆగిపోయింది. తర్వాత 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకి తక్కువ ధరకి విమానాలు నడిపించే కేంద్రం ఉడాన్ పథకం మొదటి రోజే, సిమ్లా–ఢిల్లీ విమానంతో పాటు మా కడప–హైదరాబాద్ ట్రూజెట్ కూడా ఎగిరింది. ఆ రోజు ఊరంతా పండగలా ఉంది. 2022లో ట్రూజెట్ కూడా ఆగింది. అదే ఏడాది ఇండిగో వచ్చింది కాబట్టి సరిపోయింది, రాకపోయుంటే ఖాళీ రన్‌వే చూసుకుంటూ కూర్చునేవాళ్లం.

విమానం ఆగిన ప్రతిసారీ జనం అలవాటు తప్పుతారు. మళ్లీ మొదలైనా "ఉంటుందో ఉండదో" అని ముందే రైలు టికెట్ చేసుకుంటారు. ఒకసారి మా నాన్న కంటి ఆపరేషన్‌కి వెళ్లాల్సిన రోజు పొద్దున ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, విమానం రద్దు అని. ఏ సంస్థో చెప్పను. అప్పటికప్పుడు కారు మాట్లాడుకుని వెళ్లాం. ఆ తర్వాత రెండేళ్లు మా ఇంట్లో ఎవరూ విమానం మాటెత్తలేదు. అందుకే మీరు రాసేటప్పుడు ఎన్ని ఊళ్లకి అని కాకుండా, ఒక్క ఊరికైనా సరే రోజూ ఒకే టైమ్‌కి నడపమని అడగండి.

రన్‌వే_పక్కన

నేను కొన్నేళ్లు ఒక చిన్న ఎయిర్‌పోర్ట్‌లో గ్రౌండ్ స్టాఫ్‌గా చేశాను, లోపలి లెక్క చెప్తాను.

ఇలాంటి ఊళ్లకి మామూలుగా ఏటీఆర్ 72 అనే చిన్న రెక్కల పంకా విమానం వస్తుంది, డెబ్బై పైచిలుకు సీట్లు. ఉడాన్‌లో అయితే కొన్ని సీట్లకి టికెట్ ధర మీద పరిమితి ఉంటుంది (పథకం మొదలైనప్పుడు గంట ప్రయాణానికి 2500 రూపాయలు), ఆ ధరకీ అసలు ఖర్చుకీ మధ్య తేడాని సంస్థకి ప్రభుత్వం ఇస్తుంది. ఇందులో రాష్ట్రం వాటా 20 శాతం. ఇంధనం మీద వ్యాట్ 1 శాతానికి తగ్గిస్తారు, ల్యాండింగ్ చార్జీలు ఉండవు. కానీ ఆ సాయం మూడేళ్లకే. నాలుగో ఏడాది నుంచి సంస్థ సొంత కాళ్ల మీద నిలబడాలి. సీట్లు నిండని రూట్ అక్కడే ఆగిపోతుంది, అది నా కళ్లారా చూశాను. మీ భయం అందుకే నిజం.

ఇంకోటి, ఎవరూ అడగరు గానీ చాలా ముఖ్యం. ఐఎల్ఎస్, అంటే సరిగా కనిపించనప్పుడు రేడియో సంకేతాలతో పైలట్‌కి రన్‌వే దారి చూపే పరికరం. అది లేక పైలట్ కేవలం కంటిచూపు మీద దిగాల్సిన ఎయిర్‌పోర్ట్‌లో కనీసం 5 కిలోమీటర్ల దాకా కనిపించాలి. డిసెంబర్, జనవరి పొద్దున పూట పొగమంచు ఉంటే విమానం వచ్చి పైన తిరిగి వెనక్కి పోతుంది. రన్‌వే పొడవు గురించి ఊరంతా మాట్లాడుతుంది, ఈ పరికరం గురించి మాట్లాడేవాళ్లు ఉండరు. రాత్రి దిగే లైట్లు, టవర్ ఎన్ని గంటలు పనిచేస్తుంది, ఇవి కూడా వినతిపత్రంలో పెట్టండి. ఏటీఆర్ కన్నా పెద్ద విమానం రావాలంటే ఫైర్ ఇంజన్ల స్థాయి కూడా పెరగాలి.

ఓరుగల్లు_బట్టలకొట్టు

చాలా థాంక్స్ అన్నా, ఇవేవీ నాకు తెలియవు. మా వాళ్లలో సగం మంది ముందు హైదరాబాద్‌కి అడగమంటున్నారు. అది కరెక్టేనా?

రన్‌వే_పక్కన

వద్దు. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కి రైల్లో రెండు గంటల చిల్లర. విమానానికైతే ముందు వెళ్లడం, చెకింగ్, శంషాబాద్ నుంచి ఊళ్లోకి రావడం, అంతా కలిపితే అంతకన్నా ఎక్కువే అవుతుంది. శంషాబాద్‌లో ఇంకో విమానం మారేవాళ్లకి తప్ప పనికిరాదు. రైల్లో ఒక రాత్రంతా పట్టే ఊళ్లు అడగండి. బెంగళూరు, ముంబై, తిరుపతి.

ఓర్వకల్లు_దారిలో

మాది కర్నూలు. ఓర్వకల్లు నుంచి 2021 మార్చి 28న బెంగళూరు, విశాఖ, చెన్నైకి మొదలయ్యాయి. విశాఖ వెళ్లడం మాకు ఎంత కష్టమో అప్పటిదాకా వెళ్లినవాళ్లకే తెలుసు, కాబట్టి ఆ రోజు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఎయిర్‌పోర్ట్ ఊరికి ఇరవై కిలోమీటర్లు. ఒంటరిగా దిగిన ఆడపిల్ల, ముసలివాళ్లు ఆటో కోసం బేరం ఆడుకుంటూ నిలబడాలి. విమానం టైమ్‌కి ఆర్టీసీ బస్సు కలిపి అడగండి. మీకు మామునూరు ఊరికి దగ్గరే, అది మీ అదృష్టం.

నక్కలపల్లి_పొలం

మా మేనమామ వాళ్ల ఊరు ఎయిర్‌పోర్ట్ పక్కనే. ఉన్న 696 ఎకరాలకి తోడు ఇంకో 253 ఎకరాలు తీసుకుంటున్నారు. విమానం రావాలనే మేమూ కోరుకుంటున్నాం. కానీ రన్‌వే పెరిగితే ఊళ్లోకి పోయే రోడ్డు మూసుకుపోతుందని అక్కడి వాళ్ల భయం. పొలం మిగిలినవాళ్లు రోజూ చుట్టూ తిరిగి పోవాలా? వ్యాపారుల సంఘం మాట అధికారులు వింటారు, రైతుల మాట అంత తొందరగా వినరు. దయచేసి ఆ రోడ్డు గురించి కూడా ఒక లైను రాయండి.

ఓరుగల్లు_బట్టలకొట్టు

తప్పకుండా రాస్తాను తమ్ముడూ, ఒక లైను కాదు, ఒక పేరా రాస్తాను.

నిట్‌లో, ఎంజీఎం చుట్టుపక్కల ఆసుపత్రుల్లో, మా బజార్లో నెలకి ఎంతమంది బెంగళూరు, ముంబై వెళ్తున్నారో పేర్లు లేకుండా లెక్క తీసి దీనికి జత చేస్తాం. ఖాళీగా పోవు అని సంస్థలకి చూపించాలి కదా. కడప అన్నా, ఒక్కటి చెప్పండి, బెంగళూరుది పొద్దున అడగాలా సాయంత్రం అడగాలా?

కడప_రాజంపేట_రోడ్డు

పొద్దున వెళ్లి పని చూసుకుని రాత్రికి ఇంటికి వచ్చేలా ఉంటే వ్యాపారులు వదలరు, సీట్లు వాళ్లతోనే నిండుతాయి. కానీ పొద్దున అంటే పైన చెప్పిన మంచు సమస్య మీకు తప్పదు. కాబట్టి ఐఎల్ఎస్ వచ్చేదాకా చలికాలం రెండు నెలలు తొమ్మిదిన్నర తర్వాత, మిగతా ఏడాది ఏడు గంటలకి అని విడివిడిగా రాయండి. అమ్మగారిని మాత్రం మొదటి నెలలోనే తీసుకెళ్లండి.