టీడీఎస్ మీటరు చూసి ఆర్వో కొనాలా? (భీమిలి)

ప్రశ్న (భీమిలి వాసి):
మేము భీమునిపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న వీధిలో ఉంటున్నాము. బోరు నీరు ఉప్పగా ఉండడంతో తాగడానికీ వంటకీ రోజూ కొద్దిసేపు వచ్చే కుళాయి నీటి మీదే ఆధారపడుతున్నాము. మొదటి బిందె మట్టిరంగులో వచ్చి, తర్వాత నీరు తేటపడుతుంది. ఆర్వో యంత్రం అమ్మడానికి వచ్చిన ఒకాయన టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలను లీటరుకు మిల్లీగ్రాముల్లో చూపేది) ముంచి, కుళాయి నీటికి 310, బోరు నీటికి 1,900 చూపించి, రెండూ పనికిరావన్నారు. ఇంట్లో పసిపిల్ల ఉంది. యంత్రం కొనక తప్పదా?

జవాబు (నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసి రిటైరైనవారు):
తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఆ విషయంలో నీటికి ఏ వంకా పెట్టనక్కరలేదు, వేరే నీరు దొరకని చోట 2,000 వరకు అనుమతిస్తారు. కాబట్టి 310 చూపించి భయపెట్టడం బేరం కోసమే. అయితే ఆ మీటరు కొలిచేది లవణాలను మాత్రమే, మురుగులోని సూక్ష్మజీవులు దానికి అందవు. మీరు పట్టించుకోవలసింది ఆ మొదటి బిందెను. సరఫరా ఆగినప్పుడు పైపుల్లో ఒత్తిడి పోతుంది, పగులు ఉన్నచోట పక్కనే మురుగు కాలువ పారుతుంటే ఆ నీరు లోపలికి చేరుతుంది. కుళాయి లైనుకే నేరుగా మోటారు బిగించి లాగేవారు వీధిలో ఉంటే (లేని వీధి ఎక్కడుంది?) ఈ బెడద ఇంకా ఎక్కువ.

మీ కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. పట్టిన వెంటనే ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉన్న నీరు పసుపు రంగుకు తిరుగుతుంది. సూక్ష్మజీవుల కోసం హెచ్‌టూఎస్ సీసాలో (క్రిములుంటే నల్లబడే మందు ఉన్న పరీక్ష సీసా) నీరు నింపి ఉంచండి, ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే మలకాలుష్యాన్ని అనుమానించాలి.

జవాబు (గాజువాక నుంచి ఒక గృహిణి):
మా వీధిలో చాలామంది కుళాయి నీటికి బ్లీచింగ్ వాసన వస్తోందని క్యాన్లకు మారారు. ఆ వాసన క్లోరిన్‌దే, అదే కాపలా అని చెప్పినా ఎవరూ వినరు. క్యాను నీటిలో సాధారణంగా క్లోరిన్ ఉండదు కనుక, సరిగా కడగని క్యానులోనో, చెయ్యి ముంచిన కుండలోనో మళ్లీ క్రిములు చేరితే అడ్డుకునేది ఏదీ లేదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. కుళాయి రాని రోజున బోరు నీటినే మరిగించి పాపకు పట్టవచ్చా?

జవాబు (ల్యాబ్‌లో పనిచేసినవారు):
వద్దండీ. మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ ఉప్పు పోదు, ఆవిరైన మేరకు చిక్కబడుతుంది కూడా. నీటిలో కరిగి ఉండే నైట్రేటు అనే లవణం కూడా అంతే. అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిన నీరు ఆరు నెలల లోపు పసివాళ్లకు ప్రమాదం. గోస్తనీ సముద్రంలో కలిసే మీ ప్రాంతంలో బోర్లు ఎక్కువగా తోడేకొద్దీ ఉప్పునీరు లోపలికి చొచ్చుకొస్తుంది, కనుక బోరును స్నానానికీ బట్టలకీ ఉంచుకోండి. కుళాయి నీరు తేటపడ్డాక పట్టి, తెర్లిన తర్వాత ఒక నిమిషం మరగనిచ్చి, ఆ గిన్నెలోనే మూతపెట్టి చల్లార్చండి. సంపులో నిల్వ చేస్తే వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరును కొద్ది నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే పోసి, అరగంట ఆగి వాడండి. హెచ్‌టూఎస్ సీసా నల్లబడితే దాన్ని ఫొటో తీసి, మొదటి బిందె ఏ వేళకు వచ్చిందో రాసి, వార్డు సచివాలయంలో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.