కన్ను తిప్పితే నొప్పి, చూపు మసక: అల్ట్రాసౌండ్ చూసి స్టెరాయిడ్ మొదలెట్టొచ్చా?

కొండమీద_క్యాజువాలిటీ
మాది ఏజెన్సీలో సీహెచ్‌సీ, సర్కారు సామాజిక ఆరోగ్య కేంద్రం. కంటి డాక్టర్ లేరు. ఎమ్మారై కావాలంటే ఘాట్ దిగి సగం రోజు ప్రయాణం. గైనిక్ వాళ్ల అల్ట్రాసౌండ్ ఉంది, దానికి లీనియర్ ప్రోబ్, అంటే పైపైన ఉన్న భాగాలు చూసే పరికరం, కూడా ఉంది. నిన్న పాతికేళ్ల లోపు అమ్మాయి వచ్చింది. కుడికన్ను మసక, తిప్పితే నొప్పి. ఆప్తాల్మోస్కోప్‌తో కంటి లోపలికి చూస్తే డిస్క్, అంటే కంటి నరం మొదలు, బాగానే కనిపించింది. రెప్ప మూయించి జెల్ వేసి చూశాను. కుడి కంటి నరం తొడుగు 5.9 మి.మీ., ఎడమది 4.8. ఆప్టిక్ న్యూరైటిస్, అంటే కంటి నరం వాపు, అని రాసి మిథైల్ ప్రెడ్నిసొలోన్ స్టెరాయిడ్ ఇక్కడే మొదలెట్టొచ్చా?

రేడియో_బావ
ఎక్కడ కొలిచారు? కనుగుడ్డు వెనక 3 మి.మీ. దగ్గరే కొలవాలి. 2 దగ్గర కొలిస్తే ఒక అంకె, 4 దగ్గర కొలిస్తే ఇంకో అంకె.

కొండమీద_క్యాజువాలిటీ
3 దగ్గరే. రెండుసార్లు కొలిచా.

రెప్పచాటు
డాక్టర్ గారూ, ఆ కొలత 5 మి.మీ. దాటితే అనుమానించమని చెప్పేది తలలో ప్రెషర్ పెరిగిందా అని చూడటానికి. అది ఎమర్జెన్సీ వాళ్ల లెక్క, న్యూరైటిస్ లెక్క కాదు. నరం వాచినప్పుడు ఆ పక్క తొడుగు లావుగా కనిపిస్తుందని రాసినవాళ్లున్నారు, నిజమే. కానీ బాగున్న కంటి కొలతలూ వాచిన కంటి కొలతలూ ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. 2022లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న నిర్ధారణ ప్రమాణాలు చూడండి. ముందు లక్షణాలు, కంటిపాప పరీక్ష, ఆ తర్వాత ఎమ్మారై, ఓసీటీ (రెటీనా పొరల మందం కొలిచే స్కాన్), రక్తంలో యాంటీబాడీలు. అల్ట్రాసౌండ్ ఊసే లేదు అందులో.
ఇంతకీ టార్చి ఒక కంటి నుంచి ఇంకో కంటికి మార్చి వేసి ఆర్‌ఏపీడీ, అంటే జబ్బు కంటి పాప వెలుతురుకు సరిగ్గా ముడుచుకోకపోవడం, చూశారా? ఎర్ర మూత చూపించి ఏ కంటికి రంగు వెలిసినట్టుందో అడిగారా? మీరు రాసిన దాంట్లో అవేవీ లేవు. ప్రోబ్ మాత్రం ఉంది.

చుక్కలమందు
మా ఊళ్లో అయితే ఆర్‌ఎంపీ చుక్కలు రాసి పంపేస్తాడు. మీరు నయం సార్.

కొండమీద_క్యాజువాలిటీ
మేడం, చూశాను. కుడికన్ను ఆర్‌ఏపీడీ ఉంది, ఎరుపు గులాబీ రంగులా ఉందంది. రాయలేదు, అంతే. రాయనిదల్లా చేయలేదనుకుంటే ఎలా?

రేడియో_బావ
30 డిగ్రీల పరీక్ష చేశారా? తిన్నగా చూసినప్పుడొకసారి, పక్కకు చూసినప్పుడొకసారి కొలవాలి. తొడుగులో నీరుంటే పక్కకు చూసినప్పుడు సన్నబడుతుంది, నరమే లావెక్కితే పెద్దగా మారదు. అసలు ఇది ఏ-స్కాన్‌తో, అంటే బొమ్మ కాకుండా గీతగా చూపే కంటి అల్ట్రాసౌండ్‌తో, చేసే పరీక్ష. ఇంకోటి, మెషిన్‌లో ఏ ప్రీసెట్ (ఏ అవయవానికి పెట్టిన సెట్టింగు)లో చూశారు? కంటికి మెకానికల్ ఇండెక్స్, అంటే తరంగాల తాకిడిని సూచించే అంకె, 0.23 దాటకూడదని అమెరికా ఎఫ్‌డీఏ పరిమితి. థైరాయిడ్ ప్రీసెట్‌లో పెట్టి ఉంటే దాటే ఉంటుంది.

కొండమీద_క్యాజువాలిటీ
పవర్ తగ్గించే చూశానండీ బాబూ.

చట్టం_చెప్పేవాడు
ఆ మెషిన్ పీసీపీఎన్‌డీటీ (లింగ నిర్ధారణ నిషేధ చట్టం) కింద ఏ గదికి రిజిస్టరైందో చూసుకోండి. క్యాజువాలిటీకి తోసుకొస్తే సీల్ చేస్తారు.

కొండమీద_క్యాజువాలిటీ
పేషెంటునే ఆ గదికి తీసుకెళ్లాం. దయచేసి ఆ సంగతి ఇక్కడ వద్దు.

చెల్లికోసం
నేను డాక్టర్ని కాదు. మా చెల్లికి ఇదే. కన్ను తిప్పితే నొప్పి, పక్కనుంచి ఎవరైనా వస్తే కనిపించేది కాదు. మేం వెళ్లిన చోట కంటికి ఇలాగే స్కాన్ తీసి, అంతా నార్మల్, మైగ్రేన్ అన్నారు. మాత్రలిచ్చారు. కొన్నాళ్లకే రెండో కన్ను కూడా పోయింది. అప్పుడు సిటీకి పరుగెత్తాం. రక్తంలో ఆక్వాపోరిన్ యాంటీబాడీ పాజిటివ్, ఎన్‌ఎంఓ అన్నారు, కంటి నరాలనూ వెన్నుపామునూ దెబ్బతీసే జబ్బట. ఇప్పుడు మొదటి కంటికి వెలుతురు మాత్రం తెలుస్తుంది. ఆ నార్మల్ కాగితం ఇంకా ఇంట్లోనే ఉంది.

రెప్పచాటు
అమ్మా, చాలా బాధగా ఉంది. నేను చెప్పేదీ అదే. లావుగా కనిపించిన నరం గురించి కాదు నా భయం, మామూలుగా కనిపించిన నరం గురించి.

కొండమీద_క్యాజువాలిటీ
స్కాన్ నార్మల్ అయితే ఇంటికి పంపేస్తానని నేనెక్కడన్నాను? ఎవరో చేసిన దానికి నన్ను బోనెక్కిస్తారేం?

రెప్పచాటు
మీరనలేదు. మీకు ట్రాన్స్‌ఫరయ్యాక మీ కుర్చీలో కూర్చునేవాడు అంటాడు. డిస్క్ బాగుంది, స్కాన్ బాగుంది, పో అంటాడు. పెద్దల్లో ఆప్టిక్ న్యూరైటిస్ వచ్చిన మూడింట రెండొంతుల కేసుల్లో డిస్క్ మామూలుగానే ఉంటుంది. దానికి తోడు ఇంకో ధైర్యం చెప్పే కాగితం.

మాత్రలు_చాలవా
ప్రెడ్నిసొలోన్ మాత్రలిచ్చి పంపితే సరిపోదా? ఇంజెక్షన్ గొడవ ఉండదు.

రెప్పచాటు
వద్దే వద్దు. 1992లో అమెరికా వాళ్ల ఆప్టిక్ న్యూరైటిస్ ట్రయల్ తేల్చిందే అది. కిలోకు 1 మి.గ్రా. చొప్పున మాత్రలు మాత్రమే వాడినవాళ్లలో జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. రోజుకు 1 గ్రాము చొప్పున మూడు రోజులు రక్తనాళంలోకి ఎక్కించినవాళ్లకు చూపు త్వరగా వచ్చింది. కానీ ఏమీ ఇవ్వనివాళ్లకూ చివరికి దాదాపు అంతే వచ్చింది. అందుకే అంటున్నా, ఒక్క రోజు ఆగితే కొంప మునగదు. ముందు పంపండి.

కొండమీద_క్యాజువాలిటీ
మేడం, ఆ ట్రయల్ నాటికి ఆక్వాపోరిన్ యాంటీబాడీ సంగతే ఎవరికీ తెలియదు. అది బయటపడింది 2004 తర్వాత. అందులో ఎక్కువమంది తెల్లవాళ్లు, ఎమ్మెస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్) తరహా జబ్బు. మన దగ్గర ఎన్‌ఎంఓ, దానిలాంటిదే ఇంకో యాంటీబాడీ జబ్బు ఎంఓజీ, వీటి వాటా ఎక్కువని మీ న్యూరో వాళ్లే చెబుతారు. ఎన్‌ఎంఓ అయితే ఆలస్యమైనకొద్దీ చూపు తిరిగిరాదు. పైన చెల్లి గురించి రాసినావిడను అడగండి, ఒక్క రోజు ఆగొచ్చా అని!

రెప్పచాటు
ఆవిడ కష్టాన్ని నా మీదకు ఆయుధంగా వాడకండి.

కొండమీద_క్యాజువాలిటీ
వాడుతున్నది నేనా? మీరు ఏసీ ఓపీలో కూర్చుని "పంపండి" అంటారు. మా వాళ్లు రిఫర్ కాగితం తీసుకుని తిన్నగా ఇంటికెళ్తారు. కూలి పోతుంది, బస్సు ఛార్జీలు, సిటీలో ఉండటానికి చోటు లేదు. స్క్రీన్ మీద రెండు నరాలూ పక్కపక్కన చూపించి "ఇది వాచింది, ఇది బాగుంది" అంటే ఆ అమ్మాయి తండ్రి లేచి నిలబడ్డాడు. టార్చి వేస్తే నాకు తెలుస్తుంది, ఆయనకేం తెలుస్తుంది?

రెప్పచాటు
ఇప్పుడు అసలు మాట చెప్పారు. జబ్బు మీకు టార్చితోనే తెలిసిపోయింది. స్కాన్ తండ్రి కోసం. అలా మొదటే రాసి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. మీరు రాసింది 5.9 చూసి స్టెరాయిడ్ ఇవ్వొచ్చా అని.

కొండమీద_క్యాజువాలిటీ
తండ్రి కోసమూ, నా కోసమూ. ఒంటరిగా గ్రాము స్టెరాయిడ్ ఎక్కించేటప్పుడు చేతిలో ఒక అంకె ఉంటే ధైర్యం.

రెప్పచాటు
అదే నేనొప్పుకోను. ఆ ధైర్యం ఆర్‌ఏపీడీ నుంచి రావాలి. రేపు రెండు కళ్లూ సమానంగా పోయినవాడు వస్తాడు, ఆర్‌ఏపీడీ ఉండదు. టీబీకి ఇథాంబుటాల్ వాడుతున్నవాడో, కల్తీ సారా తాగినవాడో కావచ్చు. స్కాన్‌లో రెండూ 5.3 ఉంటాయి. వాడికీ స్టెరాయిడేనా?

రేడియో_బావ
5.3, 5.6 మధ్య తేడా కొలిచే చేయి మారితే చాలు, వచ్చేస్తుంది. ఫొటో పెట్టండి, లామినా (నరం కనుగుడ్డులోంచి బయటికొచ్చే చోటి జల్లెడ పొర) నీడను నరం అనుకున్నారేమో చూద్దాం.

చెల్లికోసం
మీ గొడవ సరే. ఆ అమ్మాయి వెళ్లిందా?

కొండమీద_క్యాజువాలిటీ
పొద్దున తండ్రితో బస్సెక్కింది. పెద్దాసుపత్రిలో న్యూరో డ్యూటీ వాళ్లకు ఫోన్ చేసి చెప్పా. స్టెరాయిడ్ పడకముందే రక్తం తీసి, సీరం ఐస్ ప్యాక్‌లో పెట్టి ఇచ్చా, యాంటీబాడీలకు. రాత్రే మొదటి గ్రాము ఎక్కించా.

రెప్పచాటు
ఎక్కించేశారా! షుగరు, ఛాతీ ఎక్స్‌రే?

కొండమీద_క్యాజువాలిటీ
రెండూ బాగున్నాయి. దగ్గు, జ్వరం లేవు. గర్భం పరీక్ష కూడా చేశా.

రెప్పచాటు
కేస్ షీట్‌లో ఏం రాశారు?

కొండమీద_క్యాజువాలిటీ
కుడికన్ను ఆర్‌ఏపీడీ, ఆప్టిక్ న్యూరైటిస్ అనుమానం, ఎమ్మారై కావాలి అని. స్కాన్ ఫొటో ప్రింటు తీసి తండ్రి చేతికిచ్చా.

రెప్పచాటు
ఆ ప్రింటు మీద 5.9 అని ఉందిగా. రేపు అక్కడ ఓపీలో హౌస్ సర్జన్ ముందు చదివేది అదే.