అమ్మ, పెద్దమ్మ నీళ్లు తాగడం లేదు. ఏం చేయాలి?

ప్రశ్న (తెనాలి నుంచి):
అమ్మకు 79, పెద్దమ్మకు 84 ఏళ్లు. మా ఆవిడ అమ్మాయి పురిటికి బెంగళూరు వెళ్లింది. నాకు కాలేజీ సెలవులు కాబట్టి ఈ మే నెలంతా ఇద్దరినీ నేనే చూసుకుంటున్నాను. వంట వచ్చు, మాత్రలు వేళకు ఇస్తాను. నీళ్లు తాగించడం మాత్రం నా వల్ల కావడం లేదు. అడిగితే “ఇప్పుడే తాగానురా” అంటారు, చెంబు చూస్తే నిండుగా ఉంటుంది. రాత్రి లేవాల్సి వస్తుందని వాళ్ల భయం. ఏసీ వేస్తే కీళ్లు పట్టేస్తాయని ఆపించేస్తారు. నిన్నటి నుంచి పెద్దమ్మ పగలు కూడా మగతగా ఉంటోంది, నన్ను మా మామయ్య పేరు పెట్టి పిలిచింది. వయసు వల్లే అనుకోవాలా?

జవాబు (విశ్రాంత నర్సు):
బాబూ, నీళ్ల సంగతి తర్వాత. నిన్నా ఇవాళా కొత్తగా వచ్చిన తికమకను వయసు మీదికి నెట్టకండి, ఈరోజే డాక్టరుకు చూపించండి. ఒంట్లో నీరు తగ్గినా, రక్తంలో సోడియం (ఉప్పులో ఉండేదే) పడిపోయినా, షుగరు తగ్గినా, మూత్రంలో ఇన్ఫెక్షను ఉన్నా పెద్దవాళ్లు ఇలాగే అవుతారు. ఒక్కోసారి జ్వరం కూడా ఉండదు. మూత్రం మంటగా ఉందని కొడుకు వరసవాడికి ఆవిడ చచ్చినా చెప్పదు. పక్కింటి ఆడవాళ్లతో అడిగించండి. బీపీ మాత్రల అట్టలు వెంట తీసుకెళ్లండి. వాటిలో హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్ లాంటివి ఉంటే మూత్రం ఎక్కువగా పోయి, సోడియం తగ్గవచ్చు. అలాగని మీ అంతట మీరు మానిపించకండి. ఒళ్లు కాలిపోతూ, పిలిస్తే సరిగా పలకకపోతే 108కి ఫోను చేయండి. బండి వచ్చేలోపు తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ ఫ్యాను కింద ఉంచండి. మగతలో ఉన్న మనిషి నోట్లో నీళ్లు పోయవద్దు.

జవాబు (ఖమ్మం నుంచి):
అన్నగారూ, మా అమ్మతో నాదీ ఇదే గోల. “తాగుతావా?” అని అడిగితే ఎప్పుడూ వద్దనే అంటారు. అడగకుండా సగం గ్లాసు చేతిలో పెట్టి, తాగేదాకా పక్కనే కూర్చుని ఊళ్లో కబుర్లు మొదలుపెట్టండి. పొద్దున మాత్రలతో, పదింటికి మజ్జిగ తేట, మధ్యాహ్నం పుచ్చకాయ ముక్కలు, నాలుగింటికి పల్చటి రాగిజావ. సాయంత్రం ఆరు దాటాక తగ్గించేయండి. కమోడ్ కుర్చీ కొని మంచం పక్కనే వేసి, చిన్న దీపం వెలిగించి ఉంచండి. రాత్రి లేవాలన్న భయం పోతే నీళ్లు వాటంతట అవే దిగుతాయి.

ప్రశ్న అడిగినవారు:
చూపించాను. సోడియం తగ్గిందన్నారు, బీపీ మాత్ర మార్చారు. పెద్దమ్మ తేరుకుంటోంది. ఇక ఇద్దరికీ గంటకో గ్లాసు తాగించమంటారా?

నర్సు:
పెద్దమ్మకు వద్దు. సోడియం తగ్గినవాళ్లకు ఉత్త నీళ్లు గుమ్మరిస్తే ఇంకా తగ్గుతుంది. డాక్టరు ఎంత చెబితే అంతే. అమ్మకు గుండె, కిడ్నీ జబ్బులు లేకపోతే ఖమ్మం ఆయన పద్ధతి బాగుంది. విరేచనాలు పట్టుకుంటే లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి.

జవాబు (గుంటూరు నుంచి, కోడలు):
మా అత్తగారికీ ఏసీ అంటే పడేది కాదు. 27లో పెట్టి, గాలి మంచం మీదికి రాకుండా తిప్పి, కాళ్ల మీద దుప్పటి కప్పితే ఊరుకున్నారు. ఎండ 40 దాటాక ఒక్క ఫ్యానుతో లాభం లేదు, వేడిగాలినే తిప్పుతుంది. స్నానాలకు మాత్రం పొద్దున గంటసేపు ఆయాను పెట్టుకోండి. మీరెంత మంచి కొడుకైనా వాళ్ల సిగ్గు వాళ్లది.

ప్రశ్న అడిగినవారు:
ఆయాను మాట్లాడాను. ఇప్పుడు కొత్త పేచీ: కాయలు వచ్చాయి, ఆవకాయ పెట్టాల్సిందేనని ఇద్దరూ పట్టు.

కోడలు:
పెట్టించండి. కాయలు బజారులోనే కొట్టించి తెచ్చి, పొద్దున తొమ్మిదిలోపు వసారాలో కూర్చోబెట్టండి. కొలతలు వాళ్లవి, కలిపే చెయ్యి మీది.

నర్సు:
సోడియం తగ్గింది కదా అని పెద్దమ్మకు ఊట పోసి పెట్టకండి. ఇద్దరివీ బీపీ ఒళ్లు.