బస్సు టికెట్ల మెటాసెర్చ్ నడిపేవాళ్లున్నారా? జనం వస్తున్నారు, డబ్బు రావడం లేదు

బరంపురం_కుర్రాడు:
అందరికీ నమస్కారం. మా గంజాం జిల్లా నుంచి సూరత్ మగ్గాలకూ, హైదరాబాద్ పనులకూ వెళ్లేవాళ్లు చాలామంది. ఒక్కో యాప్‌లో ఒక్కో రేటు చూసి మా బాబాయి అవస్థ పడుతుంటే, అన్ని బుకింగ్ సైట్ల బస్సు రేట్లూ ఒకేచోట చూపే సైటు, అదే మెటాసెర్చ్, పెట్టాను. టికెట్ మేం అమ్మం. నొక్కితే ఆ సైటుకే పంపిస్తాం, అక్కడ కొంటేనే మాకు కమీషన్. పద్నాలుగు నెలలైనా సర్వర్ ఖర్చు కూడా గిట్టడం లేదు. పైగా ఒక బుకింగ్ సంస్థ మెయిల్ పెట్టింది: మీ దగ్గర వెతికేవాళ్లు ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ, డేటా ఆపేస్తాం అని. టెన్షన్‌తో వారంగా నిద్ర లేదు.

రాయగడ_రమణి:
తమ్ముడూ, అలాంటి మెయిల్ మాకూ వచ్చింది. మాది హోటల్ గదులది. ఎవరైనా ఒక్కసారి వెతికితే మనం ఐదారు సైట్లను అడుగుతాం. అడిగిన ప్రతిసారీ వాళ్ల సర్వర్‌కు ఖర్చే. అందుకే ఎన్ని వెతుకులాటలకు ఒక బుకింగ్ వచ్చిందో లెక్క చూస్తారు. దాన్ని లుక్ టు బుక్ అంటారు. మేం వచ్చిన రేట్లను అరగంట దాచుకుని, మళ్లీ అడిగినవాళ్లకు అవే చూపించాం. లెక్క కుదిరింది. కానీ మా పేజీలో 1,150 ఉంటే, అక్కడికెళ్లేసరికి 1,400 అయ్యేది. తిట్లు మాకు. పూరీ రథయాత్ర వారమైతే ఫోన్ ఎత్తాలంటేనే భయం వేసేది. ఇప్పుడు రద్దీ రోజుల్లో రెండు నిమిషాలే దాస్తున్నాం, మామూలు రోజుల్లో అరగంట. చాలావరకు సర్దుకుంది.

ఇంకోటి చూసుకో. మన లింకు నొక్కగానే ఫోన్‌లో వాళ్ల యాప్ తెరుచుకుంటే, మనం పంపామన్న గుర్తు పోవచ్చు. బుకింగ్ జరిగినా కమీషన్ రాదు. నువ్వే రెండు టికెట్లు కొని, లెక్కలోకి వచ్చాయో లేదో చూడు.

కొరాపుట్_కాఫీ:
ఊరి పేర్లు కూడా చూసుకో అన్నా. మీ బరంపురం ఒకరి దగ్గర బ్రహ్మపూర్, ఇంకొకరి దగ్గర బెర్హంపూర్. పశ్చిమ బెంగాల్‌లో బహరంపూర్ వేరే ఉంది. మా జయపురం రాజస్థాన్ జైపూర్‌తో కలిసిపోతుంది. నా సైటులో ఒకాయనకు అలాగే తప్పు బస్సు చూపించి, టికెట్ డబ్బు నా జేబులోంచి ఇచ్చాను. కంప్యూటర్‌కు వదలకుండా ఊళ్ల పట్టిక చేత్తో రాసుకో.

బల్లార్షా_భాస్కర్:
అసలు భయం డేటా మనది కాకపోవడం. పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. విమాన టికెట్ల రేట్లు పోల్చి చూపే కయాక్ లాంటి సైట్లు, ఆ రేట్లు వెతికే సాఫ్ట్‌వేర్ కోసం ఐటీఏ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ మీద ఆధారపడేవి. ఆ కంపెనీని 70 కోట్ల డాలర్లకు కొంటున్నామని గూగుల్ 2010లో ప్రకటించింది. పోటీ సైట్లకు ఆ సాఫ్ట్‌వేర్ ఇస్తూనే ఉండాలన్న షరతు మీదే 2011లో అమెరికా న్యాయశాఖ ఒప్పుకుంది. వెబ్ వెతుకులాటలోనూ అంతే. తన బింగ్ వెతుకులాట ఫలితాలను వేరే సైట్లకు అందించే బింగ్ సెర్చ్ ఏపీఐలను మైక్రోసాఫ్ట్ 2025 ఆగస్టు 11న ఆపేసింది. వాటి మీద కట్టుకున్నవాళ్లు వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది. ఒక్కరి డేటా మీదే బతక్కు తమ్ముడూ.

ఇంకో మాట. ఎక్కువ కమీషన్ ఇచ్చేవాళ్లను పైన చూపించాలన్న ఆశ పుడుతుంది. వద్దు. చవక గదులని చెప్పి, ఎక్కువ డబ్బిచ్చే సైట్లను ముందు చూపిందని హోటల్ రేట్లు పోల్చే సైటు ట్రివాగోకు ఆస్ట్రేలియా కోర్టు 2022లో 4.47 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. మన ఊళ్లో కోర్టు దాకా అక్కర్లేదు, ఒక్కడు మోసపోతే బస్టాండంతా తెలుస్తుంది.

సిరొంచ_గోదారి:
మా వైపు చిన్న ట్రావెల్స్ బస్సులు ఏ యాప్‌లోనూ కనబడవు. రేటు కావాలంటే షాపుకెళ్లి అడగాల్సిందే. మీ దగ్గరా అలాంటివాళ్లు ఉంటారు కదా? వాళ్ల సీట్లు నేరుగా మీ సైటులో పెడితే ఆ డేటా మీ చేతిలోనే ఉంటుంది.

బరంపురం_కుర్రాడు:
అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రే రెండు టికెట్లు కొని చూశాను అక్కా. ఒకటి లెక్కలోకి రాలేదు! ఇన్నాళ్లూ ఎంత పోయిందో తలుచుకుంటే ఏడుపొస్తోంది. ఆ సంస్థకు రుజువుతో మెయిల్ పెట్టాను. సూరత్ బస్సులు నడిపే ఇద్దరు ట్రావెల్స్ ఓనర్లు తెలుసు, ఆదివారం వెళ్లి మాట్లాడతాను.

రాయగడ_రమణి:
వెళ్లు. కమీషన్ ఎన్ని రోజుల్లో ఇస్తారో కాగితం మీద రాయించుకో. టికెట్ రద్దయితే ఎవరు ఎంత భరించాలో కూడా. మేం అది రాయించుకోక మూడు నెలల డబ్బు పోగొట్టుకున్నాం.