ఫేజ్ కాంట్రాస్ట్ ఎక్స్‌రే సెటప్‌లో ఫ్రింజ్‌లు నిలవడం లేదు, మీ అనుభవం చెప్పండి

కిరణరేఖ:
అందరికీ నమస్కారం. మామూలు ఎక్స్‌రే ట్యూబ్ ముందు మూడు గ్రేటింగులు (సన్నని సమాంతర గీతల పలకలు) పెట్టి ఫేజ్ కాంట్రాస్ట్ సెటప్ కడుతున్నాను, అంటే కిరణాలు ఎంత ఆగాయన్నదే కాక ఎంత వంగాయో కూడా చూసేది. మూడింటి పీరియడూ (గీతకీ గీతకీ దూరం) 5.4 మైక్రాన్లే, గీతలు నిలువు. శాంపిల్ వేరుశెనగ కాయ. మామూలు ఎక్స్‌రేలో పలుకు మీది ఎర్ర పొర ఆనవాలే ఉండదు, దాన్ని చూడాలని నా పట్టుదల. మొదటి స్కాన్‌లో లీలగా కనబడింది కూడా. కానీ ఒక గ్రేటింగుని కొంచెం కొంచెం జరుపుతూ 8 స్టెప్పులు పూర్తయ్యేసరికి పన్నెండు నిమిషాలవుతోంది. ఆలోపు ఫ్రింజ్‌లు (గ్రేటింగుల వల్ల పడే వెలుగు-చీకటి పట్టీలు) జరిగిపోయి బొమ్మంతా చారలు. చివరి గ్రేటింగులో బంగారం మందం చాలలేదేమో, మార్చమంటున్నారు మావాళ్లు. ఖరీదైన పని. ఎవరికైనా ఇలా అయ్యిందా?

పలుచనిపొర:
బంగారం ఎన్ని మైక్రాన్లు, ఏ శక్తి దగ్గర పనిచేస్తున్నారు? 60 మైక్రాన్ల బంగారం 30 కేఈవీ (ఎక్స్‌రే శక్తి కొలత) దగ్గర నూటికి నాలుగు వంతులే వదులుతుంది. అదే 40 కేఈవీకి వెళ్తే 22 వంతులు దాటిపోతాయి. గీతల మధ్య చీకటి పలచబడి విజిబిలిటీ, అంటే ఫ్రింజ్‌ల స్పష్టత, పడిపోతుంది. 2.7 మైక్రాన్ల వెడల్పున్న గోడని 60 మైక్రాన్ల ఎత్తు లేపాలంటే మూస వంగిపోతుంది, అందుకే అంత ధర. అయితే చారలు మాత్రం మందం వల్ల వచ్చేవి కావు.

కొత్తవిద్యార్థి:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. ట్యూబ్ దగ్గరి గ్రేటింగు ఎందుకండీ? రెండు సరిపోవా?

పలుచనిపొర:
సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లని వలయంలో తిప్పి ఎక్స్‌రేలు పుట్టించే పెద్ద యంత్రం) అయితే సరిపోతాయి. మామూలు ట్యూబ్‌లో ఎక్స్‌రేలు పుట్టే మచ్చ 400 మైక్రాన్లు ఉందనుకోండి. 20 కేఈవీ కిరణాలకి మీటరు దూరంలో కోహెరెన్స్ (అలలు ఒకే లయలో ఉండే వెడల్పు) 0.15 మైక్రానే మిగులుతుంది. 5.4లో అది ముప్పయ్యో వంతు కూడా కాదు. మొదటి గ్రేటింగు ఆ మచ్చని సన్నని గీతలుగా చీలుస్తుంది. ఒక్కో గీత ఇచ్చే ఫ్రింజ్‌లు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడతాయి. 2006లో ఫైఫర్ బృందం మామూలు ట్యూబ్‌తో చేసి చూపించింది ఇదే. మ్యూనిక్‌లో ఊపిరితిత్తుల రోగులకి డార్క్ ఫీల్డ్ (కిరణాల చెదురుడుని చూపే) ఎక్స్‌రే తీసిన యంత్రానికీ మూలం అదే.

ఇన్వార్‌బద్ద:
కిరణరేఖ గారూ, మీ మొదటి గ్రేటింగు బ్రాకెట్ అల్యూమినియమా? పక్కనుంచి బిగించారా? నేను రెండేళ్లు పడ్డ బాధ ఇది, అందుకే అడుగుతున్నా. పది సెంటీమీటర్ల అల్యూమినియం ఒక్క డిగ్రీకి 2.3 మైక్రాన్లు సాగుతుంది. మీ పీరియడ్‌లో దాదాపు సగం! ట్యూబ్ పక్కనే ఉంటుంది కాబట్టి అది వేడెక్కకుండా ఉండదు. థర్మిస్టర్ (వేడి కొలిచే చిన్న ముక్క) ఒకటి బ్రాకెట్‌కి అంటించి అరగంట చూడండి.

ఉప్పుకాగితం:
మీది మైక్రోఫోకస్ ట్యూబ్ (ఎక్స్‌రేలు పుట్టే మచ్చ చాలా చిన్నది) అయితే గ్రేటింగులే అక్కర్లేదండీ. శాంపిల్ ముందు ఉప్పు కాగితం పెట్టండి. శాంపిల్ లేకుండా ఒకటి, పెట్టి ఒకటి బొమ్మ తీసి, కాగితం గరుకు వల్ల బొమ్మలో పడే మచ్చలు ఎటు ఎంత జరిగాయో కంప్యూటర్‌తో లెక్కగట్టడమే. ఒక్కో మచ్చ డిటెక్టర్ మీద రెండు మూడు పిక్సెళ్లైనా ఉండాలి, అదొక్కటే జాగ్రత్త. 2012 నుంచి ఈ పద్ధతి మీద పేపర్లు వస్తున్నాయి. కాగితం స్కాన్ మధ్యలో కదిలితే మాత్రం ఇదీ పాడే.

కిరణరేఖ:
నాది మైక్రోఫోకస్ కాదండీ. థర్మిస్టర్ పెట్టాను. ట్యూబ్ ఆన్ చేసిన అరగంటలో బ్రాకెట్ 1.5 డిగ్రీలు పెరిగింది. పక్కనుంచే బిగించాను, పది సెంటీమీటర్ల చేయి. లెక్కేస్తే మూడున్నర మైక్రాన్లు. గుండె జారింది.

ఇన్వార్‌బద్ద:
కంగారు పడకండి, దొరికింది. మీ గీతలు నిలువు కదా, బ్రాకెట్‌ని కిందనుంచి నిలబెట్టండి. సాగినా గీతల వెంటే పైకి సాగుతుంది, ఫ్రింజ్‌కి అది కనబడదు. కొత్త లోహం కొనక్కర్లేదు. ఇన్వార్ (వేడికి చాలా తక్కువ సాగే మిశ్రలోహం) తర్వాత ఆలోచించవచ్చు. ఇంకొకటి, ఒక్కో స్టెప్పు దగ్గర చాలాసేపు ఆగకుండా, తక్కువ ఎక్స్‌పోజర్‌తో 8 స్టెప్పుల చుట్టు నాలుగైదుసార్లు తిప్పి కలపండి. బొమ్మలో ఒక అంచున ఖాళీ గాలి పట్టీ వదిలితే, మిగిలిన జరుగుడు దాన్నిబట్టి తీసేయవచ్చు.

కిరణరేఖ:
వారం తర్వాత రాస్తున్నాను. బ్రాకెట్ నిలువు స్తంభంగా మార్చాం, ట్యూబ్‌ని గంట ముందే వేడెక్కనిస్తున్నాం. చారలు పోయాయి. పలుకు చుట్టూ ఎర్ర పొర సన్నని గీతలా కనబడుతోంది, ఒకచోట పొట్టు లేచి ఉన్నదీ తెలుస్తోంది. బ్రాకెట్ డ్రాయింగ్ రేపు పెడతాను.